పుట్టినరోజు పందిరి మనమే వేద్దాం

పిల్లల పుట్టినరోజు ఇంకా నెల రోజులుందనగానే ఇంట్లో అదే మాట మొదలవుతుంది. "అమ్మా, పై ఫ్లాటు వాళ్ళ బాబు పుట్టినరోజు హాల్లో చేశారు. గోడ నిండా బెలూన్లే! మ్యాజిక్ చేసే అంకుల్ కూడా వచ్చాడు. నాకూ హాల్లోనే చెయ్యవా?" అని ఏడేళ్ళ పిల్ల మెడ చుట్టూ చేతులేసి అడిగితే కాదనడానికి ఏ తల్లికీ నోరు రాదు. కానీ ఆ వెంటనే ఇంటద్దె, స్కూలు ఫీజు, బండి వాయిదా వరసగా కళ్ళ ముందు కదుల్తాయి. "సర్లే, ఏడాదికొక్కసారేగా" అని చీటీ పాడి చేసేవాళ్ళున్నారు. "మన తాహతుకి అవన్నీ ఎందుకే" అని పిల్ల నోరు మూయించేవాళ్ళూ ఉన్నారు. మొదటిదాని వల్ల అప్పు మిగుల్తుంది, రెండోదాని వల్ల పిల్ల మనసులో చిన్న ముల్లు మిగుల్తుంది. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. వేడుకని మనింట్లోనే, మన చేతుల్తోనే, పిల్లల చేత కూడా చేయించడం.

ఇది మనకి కొత్తేం కాదు. భోగినాడు సాయంత్రం రేగిపళ్ళు, చిల్లర డబ్బులు, పూలరేకులు కలిపి పిల్లల తల మీద పోసి, పేరంటాళ్ళని పిలిచి శనగలు పంచే ఇల్లాలు చేసేది పిల్లల పార్టీ కాక మరేమిటి? బొమ్మల కొలువుకి పాత పెట్టెలే మెట్లు, పట్టుచీరే పరుపు. ఆ చేతివాటం మనకి ఉన్నదే. దాన్నే పుట్టినరోజుకి కాస్త మళ్ళిద్దాం.

ముందుగా ఒక కాగితం, ఒక పెన్సిలు

ఇరవై రోజుల ముందే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు సంగతులు తేల్చుకోండి.

మొదటిది డబ్బు. ఈ నెల ఇంటి ఖర్చులు పోగా ఎంత తియ్యగలరో ఆ అంకె కాగితం పైన రాయండి. మిగతా లెక్కంతా దాని కిందే ఇమడాలి. ధరలు ఊరికో రకం కాబట్టి ఇక్కడ నేను రాయడం లేదు. మీ కిరాణా కొట్టు ధరలు మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు కదా!

రెండోది పిలుపులు. ఎనిమిది నుంచి పది మంది పిల్లలు చాలు. క్లాసులో నలభై మందినీ పిలిస్తే ఎవ్వరూ ఎవ్వరితోనూ ఆడుకోరు. ఎవరిని పిలవాలో పిల్లనే చెప్పనివ్వండి. ఒక్క మాట మాత్రం మీరు కలపండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి అదే ఈడు పిల్లలుంటే వాళ్ళనీ పిలవండి. మిగిలిన కేకు సాయంత్రం డబ్బాలో పెట్టి పంపడం వేరు, అందరితో పాటు చాప మీద కూర్చోబెట్టి పెట్టడం వేరు. ఈ తేడా మీ పిల్లకి మీరు చెప్పక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది.

మూడోది సమయం. సాయంత్రం నాలుగింటి నుంచి ఆరున్నర దాకా అని రాయండి. ఆరున్నర అని రాయకపోతే తొమ్మిదింటికి కూడా మీ వంటింట్లో గిన్నెలు మోగుతూనే ఉంటాయి.

నాలుగోది, ఎవరి పని ఏమిటన్నది. దండలు కట్టడం పిల్లలది. మేకులు కొట్టడం, చాపలు తేవడం, చివర ఇల్లు ఊడ్చడం మీ వారిది. ఇది హాస్యానికి రాస్తున్నది కాదు. కాగితం మీద ఆయన పేరు ఎదురుగా ఆ పని రాయండి. పుట్టినరోజు ఫోటోలన్నిట్లో అమ్మ ఎక్కడా కనపడకపోవడానికి కారణం అమ్మ వంటింట్లో ఉండిపోవడమే!

పిలుపు చీటీలు

ఒక చార్టు కాగితాన్ని మధ్యకి మడిచి, మళ్ళీ మడిచి, మూడోసారి కూడా మడిచి గీతల మీద కత్తిరిస్తే ఎనిమిది ముక్కలొస్తాయి. ఒక్కో ముక్కనీ మధ్యకి మడిస్తే ఒక కార్డు. పైన బొమ్మ పిల్ల వెయ్యాలి, లోపల అక్షరాలు కూడా పిల్లవే. తప్పులుంటే ఉండనివ్వండి. వాట్సాప్‌లో పంపే బొమ్మ నిమిషంలో కిందికి జారిపోతుంది. చేత్తో రాసిన చీటీని అవతలి పిల్ల పుస్తకంలో దాచుకుంటుంది.

చీటీ చివర "కానుకలు వద్దు, మీరొస్తే చాలు" అని రాయించండి. పిలిచిన వాళ్ళలో ఏ ఒక్క తల్లికైనా ఆ నెల చెయ్యి ఇరుకుగా ఉండొచ్చు. ఈ ఒక్క వాక్యం ఆవిడ బరువు దింపేస్తుంది. అయినా ఎవరైనా తెస్తే తీసుకోండి కానీ అందరి ముందూ విప్పకండి.

ఇంటి అలంకరణ

*జిగురు:* రెండు చెంచాల మైదా అర గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద గంజిలా చిక్కబడే దాకా తిప్పండి. చల్లారాక వాడుకోవచ్చు. రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో నిలవుంటుంది. పూర్వం పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం వేసేవారు. అది విషం. పిల్లలు వేళ్ళు నాకే చోట వెయ్యకండి.

*గొలుసు దండ:* పాత వారపత్రికల రంగు పేజీల్ని అంగుళం వెడల్పు, ఏడంగుళాల పొడవు ముక్కలుగా కత్తిరించండి. ఒకదాన్ని గుండ్రంగా అంటించి, దాన్లోంచి రెండోది దూర్చి అంటించుకుంటూ పోవాలి. పదడుగుల దండకి దాదాపు అరవై ముక్కలు పడతాయి. నాలుగేళ్ళ పిల్ల కూడా చెయ్యగలిగిన పని ఇది. రోజూ హోంవర్కయ్యాక పది నిమిషాలు కూర్చుంటే వారంలో హాలు నిండా దండలే.

*కాగితం చక్రాలు:* కాగితాన్ని విసనకర్రలా ముందుకీ వెనక్కీ బొటనవేలంత మడతలుగా మడిచి, మధ్యలో దారంతో బిగించి, రెండు వైపులా విప్పి అంచులు అంటించాలి. మామూలు నోటు పుస్తకం సైజు తెల్లకాగితం ఒక్కదానితో చేస్తే చక్రం పూర్తిగా కలవదు, నోరు తెరుచుకునే ఉంటుంది. రెండు కాగితాలు పొడవుగా ఒకదాని కొసకి ఇంకొకటి అంటించి అప్పుడు మడవండి, గుండ్రంగా కుదురుతుంది. పెద్దవి, చిన్నవి కలిపి పది చక్రాలు గోడకి గుత్తిగా పెడితే బెలూన్ల గోడ ఎందుకూ పనికిరాదు.

*వెనక తెర:* బీరువాలో అంచు బాగుండి ఒళ్ళు చిరిగిన పట్టుచీర ఒకటి అందరికీ ఉంటుంది. చీర దాదాపు పద్దెనిమిది అడుగులు. తొమ్మిది అడుగుల గోడకి కుచ్చులు పోస్తూ తాడు మీద వేలాడదీస్తే సరిగ్గా సరిపోతుంది. దాని మీద పిల్ల వయసు అంకెని బంతిపూలతో చేసి గుచ్చండి. అట్టముక్కని అంకె ఆకారంలో కోసి, పూలు దారంతో కుట్టేస్తే చాలు. అది అమ్మమ్మ చీరైతే మరీ మంచిది. "ఇది అమ్మమ్మ పెళ్ళినాటిది" అని మీ పిల్ల వచ్చినవాళ్ళకి తనే చెప్తుంది, చూస్తూండండి.

*గుమ్మం:* మావిడాకుల తోరణం, బియ్యప్పిండితో ముగ్గు ఎలాగూ ఉంటాయి. ముగ్గు మీరు గీసి, మధ్యలో పూలరేకులు నింపడం వచ్చిన పిల్లలకి వదిలెయ్యండి. మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురు సిగ్గుపడుతూ గోడకి ఆనుకుని నిలబడతారే, వాళ్ళకి ఇదే మంచి పని.

*ఒద్దనుకోవలసినవి:* థర్మోకోల్ అలంకరణలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం. అయినా కొన్ని కొట్లలో కనపడుతుంటాయి. విస్తరాకులు, స్టీలు గ్లాసులు చాలు. గ్లాసులు తక్కువైతే పక్కింటావిడ ఇవ్వదా ఏమిటి?

బెలూన్లు లేనిదే పిల్లలు ఒప్పుకోరు. పది పదిహేను కట్టండి. కానీ గాలి ఊదని బెలూను, పగిలిన బెలూను ముక్క చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. పగలగానే ముక్కలు ఏరెయ్యండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల చేతికి ఊదమని ఇవ్వకండి. పైకెగిరే గ్యాసు బెలూన్లలో హైడ్రోజన్ ఉంటే నిప్పు తగిలిన క్షణంలో మంట లేస్తుంది. నురగ చిమ్మే స్ప్రే డబ్బాలూ అంతే, కొవ్వొత్తి దగ్గర చిమ్మితే భగ్గుమంటాయి. ఈ రెండూ గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. కాగితం దండలు కూడా దీపానికి మూడడుగుల దూరంలో ఉండాలి.

తినడానికి

పది మంది పిల్లలకి నాలుగు రకాలు చాలు. ఒకటి తీపి, ఒకటి కారం, ఒక పండు, ఒక పానీయం. కేకుతో అయిదు.

*రవ్వ కేకు (గుడ్డు లేకుండా):* కప్పు బొంబాయి రవ్వ, ముప్పావు కప్పు పంచదార పొడి, కప్పు పెరుగు, పావు కప్పు వాసన లేని నూనె కలిపి అరగంట నాననివ్వండి. తర్వాత అర కప్పు మైదా, చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, ఏలకుల పొడి జల్లించి కలపండి. గరిటె జారుడుగా వచ్చేదాకా కొద్దికొద్దిగా పాలు పొయ్యండి. అర కప్పు లోపే పడతాయి. ఎక్కువ గిలకొట్టొద్దు. నూనె రాసి పిండి చల్లిన గిన్నెలో సగానికి పైగా నిండకుండా పొయ్యండి.

ఓవెన్ లేకపోతే మందపాటి పాత గిన్నెలో అంగుళం మందాన ఉప్పు గానీ ఇసక గానీ పోసి, మధ్యలో స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కించండి. నీళ్ళు పొయ్యకూడదు. అందులో కేకు గిన్నె దించి, మూతపెట్టి సన్నని సెగ మీద ముప్పై అయిదు, నలభై నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. కుక్కరు వాడేట్టయితే గాస్కెట్టు, విజిలు తీసెయ్యడం మరచిపోవద్దు. రోజూ పప్పు వండే మంచి కుక్కరుని మాత్రం ఇలా నీళ్ళు లేకుండా కాల్చకండి, పాతదుంటేనే వాడండి. పైన క్రీము బదులు జీడిపప్పు, టూటీఫ్రూటీ చాలు. ఇది ముందురోజు చేసుకున్నా మెత్తగానే ఉంటుంది.

*సున్నుండలు:* పావుకిలో మినప్పప్పు సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి మెత్తగా పట్టించండి. పావుకిలో తురిమిన బెల్లం కలిపి, నూటయాభై గ్రాముల కరిగిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టండి. చిన్న సైజువి పాతిక దాకా వస్తాయి. ఇవి మూడు రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టొచ్చు.

*మసాలా మరమరాలు:* ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర సన్నగా తరిగి పెట్టుకుని, మరమరాలు మాత్రం వడ్డించే ముందే కలపండి. ముందే కలిపితే మెత్తబడి ఎవరూ ముట్టరు. మూడు నాలుగేళ్ళ పిల్లలుంటే వాళ్ళ వాటాలో వేరుశనగ గుళ్ళు వెయ్యకండి. ద్రాక్షపళ్ళు పెడితే నిలువుగా చీల్చి పెట్టండి.

*నిమ్మ షరబత్:* పది గ్లాసులకి దాదాపు రెండు లీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు నిమ్మకాయలు, పావుకిలోకి కాస్త తక్కువ పంచదార, చిటికెడు ఉప్పు.

కొవ్వొత్తి ఊదించాలా, దీపం వెలిగించాలా అని అత్తగారికీ పిల్లకీ మధ్య మాట వస్తే రెండూ చెయ్యండి. పొద్దున తలంటి, కొత్తబట్టలు, హారతి, పెద్దల ఆశీర్వాదం అత్తగారి వేడుక. సాయంత్రం కేకు పిల్ల వేడుక. ఎవరి ముచ్చట వారిది.

ఆటలు

పిల్లల పార్టీ పాడయ్యేది తిండి వల్ల కాదు, ఏం చెయ్యాలో తోచక వాళ్ళు సోఫాలెక్కి దూకడం వల్ల. మూడు ఆటలు సిద్ధంగా ఉంచుకోండి.

ఒకటి, పళ్ళెం ఆట. పళ్ళెంలో పదిహేను వస్తువులు (తాళంచెవి, చెంచా, గుండీ, లవంగం లాంటివి) పెట్టి నిమిషం చూపించి గుడ్డ కప్పండి. ఎన్ని గుర్తున్నాయో రాయాలి.

రెండోది, కుర్చీలాట. మామూలుగా కుర్చీ దొరకనివాళ్ళు బయటికి పోవాలి. చిన్నపిల్లలకి అది ఏడుపే. మనం కుర్చీ తీసేద్దాం కానీ పిల్లని తియ్యొద్దు. ఉన్న కుర్చీల మీదే అందరూ సర్దుకోవాలి. చివరికి రెండు కుర్చీల మీద పదిమంది వేళ్ళాడుతుంటే ఆ నవ్వులు వీధి చివరికి వినపడతాయి. గట్టి కుర్చీలు చూసి వెయ్యండి!

మూడోది మ్యాజిక్. దీనికి అంకుల్ అక్కర్లేదు, వంటింటి డబ్బాలు చాలు. తెల్లకాగితాలకి చిక్కని పసుపు నీళ్ళు పూసి ముందురోజే ఆరబెట్టండి. పిల్లలకి తలొక కాగితం, చెవిలో పెట్టుకునే దూది పుల్ల (కాగితం కాడది), చిన్న గిన్నెలో వంటసోడా కలిపిన నీళ్ళు ఇవ్వండి. పచ్చ కాగితం మీద నీళ్ళతో గీస్తే ఎర్రటి గీత పడుతుంది! దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు తిరుగుతుంది. పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎర్రబడే కిటుకే ఇది. క్షారం తగిలితే పసుపు ఎరుపవుతుంది, పులుపు తగిలితే మొదటికొస్తుంది. పసుపు మరకలు పడతాయి కనుక కింద పాత దుప్పటి పరవండి. వాళ్ళు వేసిన బొమ్మ ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు.

తిరుగు కానుక

వచ్చిన పిల్లలకి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా అని రేపటికి విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మలు కొనకండి. కాగితం పొట్లంలో బెండ, బంతి, తోటకూర విత్తనాలు కట్టి పైన పేరు రాయించండి. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే తలొక ఏటికొప్పాక బొంగరం ఇవ్వండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రని చిత్రిక పట్టి, లక్కలో సహజమైన రంగులు కలిపి పూస్తారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం కొన్న బొంగరం అక్కడ ఒక ఇంటి పొయ్యి వెలిగిస్తుంది.

పెద్దపిల్లలైతే...

ఇంత రాశాక ఒక్క సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆరేడేళ్ళ పిల్లలు కాగితం దండల్ని చూసి గంతులేస్తారు. పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేసరికి "నా ఫ్రెండ్సు నవ్వుతారమ్మా" అనొచ్చు. అప్పుడు కోప్పడకండి. "మా రోజుల్లో ఇదే గొప్ప" అని ఉపన్యాసం అసలే వద్దు. కాగితం మీద రాసిన ఆ మొదటి అంకె చూపించండి. "ఈ నెల మనకి ఇంత వీలవుతుంది. దీన్తో నీకెలా కావాలో నువ్వే చెప్పు" అనండి. నలుగురు స్నేహితుల్ని పిలిచి మేడ మీద వెన్నెల్లో పులిహోర చాలంటారేమో! లేక బయటికెళ్ళి ఐస్‌క్రీమ్ తిని రావడమే చాలంటారేమో! అదీ మంచిదే. ఇంటి లెక్క పిల్లలకి తెలిస్తే తప్పులేదు. తెలియనివ్వకుండా అప్పు చేస్తేనే ఏదో ఒకనాడు వాళ్ళ మీదే విసుక్కుంటాం.

మరో మాట. అబ్బాయి పుట్టినరోజుకి హాలు మాట్లాడి, అమ్మాయి పుట్టినరోజు పాయసంతో సరిపెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పిల్లలు నోరు తెరిచి అడగరు గానీ లెక్క మాత్రం బాగానే పెట్టుకుంటారు. చేస్తే ఇద్దరికీ ఒకేలా చెయ్యండి. దండలు చెయ్యడం, ఇల్లు ఊడ్చడం కూడా ఇద్దరిచేతా చేయించండి.

రోజుల వారీ పట్టిక (కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి)

- 20 రోజుల ముందు: లెక్క, పిలుపుల జాబితా, ఎవరి పని ఏది.
- 15 రోజుల ముందు: పిలుపు చీటీలు, గొలుసు దండలు మొదలు.
- 7 రోజుల ముందు: కాగితం చక్రాలు, విత్తనాల పొట్లాలు, చీర తెరకి తాడు కట్టి చూసుకోవడం.
- 3 రోజుల ముందు: సున్నుండలు.
- ముందురోజు: కేకు, పసుపు కాగితాలు, దండలు కట్టడం.
- ఆ రోజు పొద్దున: తోరణం, పూల అంకె.
- మూడున్నరకి: అన్నీ వదిలేసి మొహం కడుక్కుని మంచి చీర కట్టుకోండి. ఇది కూడా పట్టికలో పనే!

వేడుకయ్యాక దండలు వెంటనే పారెయ్యకండి. చక్రాలు మడిచి పాత కవర్లో పెడితే వచ్చే ఏడాది తమ్ముడి పుట్టినరోజుకీ, సంక్రాంతి బొమ్మల కొలువుకీ పనికొస్తాయి. చీర మడిచి బీరువాలో పెట్టేటప్పుడు ఎండిన బంతిరేకులు దులిపి కుండీలో వెయ్యండి. వాటిలో ముదిరిన గింజలుంటే నాలుగు మొక్కలైనా లేస్తాయి.